చేతిలో టిక్కెట్టు మిషను, చెవిలో తిట్లు

పిడుగురాళ్ళ: పొద్దున మాచర్లలో బయలుదేరిన పల్లెవెలుగు బస్సు రెంటచింతల దాటి గురజాల చేరేసరికి కాలు పెట్టే చోటు లేదు. ఫుట్‌బోర్డు మీద నలుగురు కుర్రాళ్ళు వేలాడుతున్నారు. లోపల కాలేజీ పిల్లలు, సంతకు పోయే ఆడవాళ్ళు, వాళ్ళ మూటలు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్ళు. ఆ సందులోంచి ఖాకీ చొక్కా ఒకటి ముందుకు, వెనక్కు జరుగుతూ ఉంది. "టిక్కెట్టు... టిక్కెట్టు... చిల్లర చేత్తో పట్టుకోండి" అనే గొంతు మాత్రం ఆగటం లేదు.

గురజాలలో ఎక్కిన ఒక పెద్దమనిషి 500 రూపాయల నోటు ఇచ్చాడు. "చిల్లర లేదయ్యా" అన్నాడు కండక్టరు. ఇక చూడండి. "చిల్లర లేకుండా బండి ఎక్కావా? నీ ఉద్యోగం ఎందుకు? నా డబ్బు నాకు ఇవ్వకపోతే బస్సు కదలనియ్యను" అని ఆ పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. పక్కనున్నవాళ్ళు కొందరు నవ్వారు, కొందరు వంత పాడారు. కండక్టరు ముఖంలో రంగు మారింది. అయినా గొంతు పెంచలేదు. "పెద్దాయనా, నోటు నీ దగ్గరే పెట్టుకో. టిక్కెట్టు తీసుకో. పిడుగురాళ్ళలో దిగే లోపల చిల్లర పోగవుతుంది, అప్పుడు ఇద్దువుగాని" అన్నాడు. నోటు తన జేబులోకే తిరిగి వచ్చేసరికి ఆయనకు అరవటానికి ఏమీ మిగల్లేదు. కూర్చున్నాడు. జానపాడు దగ్గర కండక్టరే వచ్చి, నోటు తీసుకుని, మిగతా డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు.

బస్టాండు బయట టీ కొట్టు దగ్గర ఆ కండక్టరు నాకు మళ్ళీ కనబడ్డారు. యాభై దాటిన మనిషి. పేరు రాయవద్దన్నారు. "ఇట్టాంటివి రోజుకు ఎన్ని వస్తాయి?" అని అడిగితే నవ్వి ఊరుకున్నారు. కాసేపటికి ఆయనే అన్నారు: "తిట్టినోడు వాడి స్టేజీలో వాడు దిగిపోతాడు సార్. ఆ తిట్టు మాత్రం నాతో డిపో దాకా వస్తది. ఒక్కోరోజు ఇంటిదాకా కూడా వస్తది."

ఆ ఇంటిదాకా వచ్చే తిట్టు సంగతి తెలుసుకుందామని నేను తర్వాత కొన్ని రోజులు మాచర్ల, పిడుగురాళ్ళ, నరసరావుపేట బస్సుల్లో తిరిగాను. డ్రైవర్లతో, కండక్టర్లతో మాట్లాడాను. ప్రయాణీకుడిగా నేను కూడా ఎన్నోసార్లు కండక్టరు మీద విసుక్కున్నవాణ్ణే కనుక, కాస్త సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.

ఒక్క మనిషికి ఎన్ని పనులు

మనం చూసేది టిక్కెట్టు కొట్టటమే. కానీ ఆ మనిషి తల లోపల జరిగేది వేరు. తర్వాతి స్టేజీ వచ్చేలోగా ఎక్కినవాళ్ళందరికీ టిక్కెట్లు అయిపోవాలి. అయిదేళ్ళు దాటిన పిల్లవాడిని "ఇంకా నాలుగేగా" అని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న తల్లితో తగువు పెట్టుకోకుండా అర టిక్కెట్టు కొట్టాలి. విద్యార్థుల పాసులు, వికలాంగుల పాసులు చూడాలి. ఎవరు ఎక్కడ దిగాలో గుర్తుంచుకోవాలి. ఫుట్‌బోర్డు మీదివాళ్ళు పడిపోకుండా చూడాలి. సమయానికి "హోల్డాన్", "రైట్ రైట్" చెప్పాలి. మధ్యలో చెకింగువాళ్ళు ఎక్కి, టిక్కెట్టు లేని మనిషి ఒక్కడు దొరికినా జవాబు చెప్పుకోవలసింది ఈయనే. డిపోకు వెళ్ళాక లెక్క తక్కువ వస్తే జేబులోంచి కట్టవలసింది కూడా ఈయనే. కొన్ని సర్వీసుల్లో కండక్టరే ఉండడు, బండి నడిపే డ్రైవరే టిక్కెట్లు కూడా కొడతాడు. ఆయన పాట్లు ఇంకో వ్యాసానికి సరిపోతాయి.

ఇన్ని పనులు ఉండటం ఒక ఎత్తు. వాటిలో ఒక్కటి కూడా తన చేతిలో లేకపోవటం ఇంకో ఎత్తు. చార్జీ ఎంత ఉండాలో కండక్టరు నిర్ణయించడు. బస్సులు ఎన్ని తిరగాలో ఆయన్ను ఎవరూ అడగరు. రోడ్డు మీద గుంతలు ఆయన తవ్వలేదు. కానీ బస్సు గంట ఆలస్యమైతే "ఏందయ్యా, ఇదా రావటం?" అని మనం ఆయన్నే నిలదీస్తాం. ఆర్టీసీ మొత్తంలో మన చేతికి అందే మనిషి ఆయన ఒక్కడే మరి.

ఈ రకం ఉద్యోగం మనిషి ఒంటికి ఏం చేస్తుందో చాలా ఏళ్ళ కిందటే ఇంగ్లండులో పరిశోధన చేశారు. 1967లో లండనులో ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసే సుమారు 18,000 మంది మగవాళ్ళ ఆరోగ్యం చూడటం మొదలుపెట్టారు. పెద్ద పదవిలో ఉండి, పెద్ద నిర్ణయాలు చేసేవారికే గుండెజబ్బులు ఎక్కువని అప్పటిదాకా అందరూ అనుకునేవారు. తేలింది తలకిందులుగా ఉంది. కింది మెట్టుకు పోయేకొద్దీ గుండెజబ్బు చావులు పెరిగాయి. అందరికంటే అడుగున ఉన్న బంట్రోతులలో, పైస్థాయి అధికారులకంటే అవి మూడు రెట్లు ఉన్నాయి. 1985లో ఆడవాళ్ళను కూడా కలుపుకుని రెండోసారి మొదలుపెట్టిన పరిశోధనలో కారణం మరికాస్త తెలిసింది. పని తన చేతిలో లేదనే స్థితి గుండెకు చేటు అని ఆ పరిశోధకులు చెప్పారు. మైకేల్ మార్మట్ అనే డాక్టరు ఈ పరిశోధనలకు పెట్టింది పేరు.

బస్సువాళ్ళ మీద విడిగా కూడా ఒక పరిశోధన ఉంది. జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండనులో రెండంతస్తుల బస్సుల డ్రైవర్లనూ, కండక్టర్లనూ పోల్చి 1953లో ప్రకటించాడు. రోజంతా కూర్చుని బండి నడిపే డ్రైవర్లకు గుండెపోటు ఎక్కువ, మెట్లు ఎక్కుతూ దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకు తక్కువ. ఒళ్ళు కదలటమే దీనికి కారణమన్నాడు. తర్వాత ఆయనే యూనిఫారం ప్యాంట్ల కొలతలు తీయించి చూస్తే డ్రైవర్ల నడుములు కండక్టర్ల నడుములకంటే లావుగా ఉన్నాయట. ఈ సంగతి మాచర్లలో ఒక డ్రైవరుకు చెప్పాను. ఆయన తన పొట్ట తడుముకుని, "లండను దాకా ఎందుకు సార్, మా డిపోకు రండి" అన్నారు.

ఉచిత ప్రయాణం, కొత్త తగవులు

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో ఆడవారికి ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి అయిదు రకాల బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్ళు గుర్తింపు కార్డు చూపితే చాలు, సున్నా రూపాయల టిక్కెట్టు ఇస్తారు. కూలికి, ఆసుపత్రికి, చదువుకు పోయే ఆడవాళ్ళకు ఇది ఎంత మేలో ఏ ఊళ్ళో అడిగినా చెబుతారు. పుట్టింటికి పోయి ఏడాదైన ఒక మామ్మ నెలలో రెండుసార్లు పోయి వచ్చానని నాతో చెప్పి మురిసిపోయింది.

అయితే బస్సులో మనుషులు పెరిగారు, సీట్లు పెరగలేదు. "డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ళం మేం నిలబడాలా?" అని మగవాళ్ళు గొణుగుతారు. "మాదేమన్నా దొంగ టిక్కెట్టా?" అని ఆడవాళ్ళు మాటకు మాట అంటారు. నడుమ నలిగేది కండక్టరు. కార్డు చూపమంటే "రోజూ చూస్తావుగా, మళ్ళీ ఏంది?" అని కోపం. చూడకుండా కొడితే పైవాళ్ళతో తంటా. డబ్బు లేని టిక్కెట్టేగా అని కొందరు తీసుకోకుండానే కూర్చుంటారు. కానీ అది కొట్టకపోతే లెక్క లెక్కే. పొందుగల దగ్గర కృష్ణ దాటితే వాడపల్లి, అది తెలంగాణ. ఆ ఒడ్డువాళ్ళు ఈ ఒడ్డున పల్లెవెలుగు ఎక్కితే ఈ పథకం వర్తించదు. ఈ ఒడ్డువాళ్ళు రాష్ట్రం దాటిపోయే బస్సు ఎక్కినా వర్తించదు. ఏటి కటూ ఇటూ చుట్టరికాలున్న మన వాళ్ళకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే ఉంటుంది. తెలంగాణలో ఇటువంటి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. అక్కడ కూడా కండక్టర్ల మీద చేయి చేసుకున్న సంఘటనలు పేపర్లకెక్కాయి.

చరిత్ర తెలిసినవాళ్ళకు ఒక సంగతి తట్టే ఉంటుంది. 12వ శతాబ్దంలో నలగాముడి గురజాల, మలిదేవుడి మాచర్ల రెండు శత్రు రాజధానులు. కోడిపందెం తగువు కారెంపూడి రణరంగం దాకా పోయింది. ఇప్పుడు ఆ రెండు ఊళ్ళ మధ్య ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి రోజుకు ఎన్నో ట్రిప్పులు రాజీ చేస్తూ తిరుగుతున్నాడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి కూడు పెట్టించాడంటారు. ముగ్గురి సీట్లో నలుగురు సర్దుకోవటం అంతకంటే కష్టమేమీ కాదు.

"నీదే ఊరు?" అని అడగకూడదు

మరి ఏళ్ళ తరబడి ఈ పని చేస్తున్నవాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారు? ఎవరి ఉపాయం వారికుంది. అందరూ మొదట చెప్పింది చిల్లర సంగతే. సగం తగవులకు మూలం అదే. ఒకాయన తెల్లవారుజామున డ్యూటీ ఎక్కేముందు టీ కొట్టులో, పూల అంగడిలో నోటిచ్చి నాణేలు మార్చుకుంటారట. ఫోనుతో డబ్బు కట్టే పద్ధతి కొన్ని బస్సుల్లో వచ్చినా, సిగ్నలు లేని చోట అది తిరుగుతూనే ఉంటుంది, వెనక పదిమంది టిక్కెట్ల కోసం చేతులు చాచి ఉంటారు.

రెండో మాట నాకు కొత్తగా తోచింది. "ఎదుటోడు ఎంత అరిచినా 'నువ్వెవరు, నీదే ఊరు?' అని మాత్రం అడగకూడదు సార్" అన్నారు నరసరావుపేటలో ఒక సీనియరు కండక్టరు. ఆ మాట నోట్లోంచి వచ్చిందా, అప్పటిదాకా ఒక మనిషితో ఉన్న తగువు ఒక ఊరితో తగువైపోతుంది. ఇంకొంచెం ముదిరితే కులంతో తగువవుతుంది. మరునాడు అదే ఊరి మీదుగా బండి పోవాలి. పల్నాడులో పుట్టి పెరిగినవాళ్ళకు దీని అర్థం వివరించనక్కర్లేదు. ఆయన చేసేదల్లా ఒకటే. తగువు మీద నుంచి చూపు తప్పించి, "ముందు టిక్కెట్లు కానివ్వండి" అని పక్క మనిషి వైపు తిరుగుతారు. చేతులు మాత్రం మిషను మీద, సంచి మీద ఉంటాయి. చేయి ఎదుటివాడి భుజం మీద పడితే, అది నిమరటానికి పడినా, చూసినవాళ్ళు కొట్టాడనే అంటారని ఆయన భయం.

తాగి ఎక్కేవాళ్ళతో వాదన పెట్టుకోవద్దని అందరూ అన్నారు. సాయంత్రం ఆరు దాటితే ప్రతి ట్రిప్పులో ఒకరైనా ఉంటారు. వాళ్ళ ఊరివాళ్ళు బస్సులో ఎవరైనా ఉంటే "బాబాయ్, మీవాడేగా, కాస్త పక్కన కూర్చోబెట్టుకో" అని అప్పగిస్తారు. ఊరి మనిషి పక్కన కూర్చుంటే తాగినవాడికి కూడా కాస్త సిగ్గు ఉంటుందట.

డ్రైవరు, కండక్టరు నడుమ పొత్తు కుదరకపోతే ఆ రోజు ఇద్దరికీ నరకమే. ఒక కుర్ర కండక్టరు తన తొలి ఏడాది సంగతి చెప్పాడు. తనతో వచ్చే డ్రైవరు మాటలు మానేశాడు. కారణం తెలియదు. రైట్ అంటే కదిలేవాడు కాదు. కదిలితే ఇతను సీటు పట్టుకోకముందే బ్రేకు వేసేవాడు. ఈ కుర్రవాడు డిపోలో ఫిర్యాదు చేద్దామనుకుని, ముందు వాళ్ళ మామను అడిగాడు. ఆ మామ కూడా ఆర్టీసీలో చేసి రిటైరైన మనిషి. "కాగితం పెట్టేముందు క్యారియరు పెట్టి చూడు" అన్నాడట. మరునాడు మధ్యాహ్నం ఇతను గోంగూర పచ్చడి డబ్బా తీసుకుపోయి, "అన్నా, మా అమ్మ పంపింది" అని డ్రైవరు ముందు పెట్టాడు. నాలుగు ముద్దలు తిన్నాక ఆయనే నోరు తెరిచాడు. చెకింగు జరిగిన రోజున బస్సు ఆలస్యానికి డ్రైవరే కారణమని ఈ కుర్రవాడు చెప్పాడని ఎవరో చేరవేశారట. ఆ మాట ఇతను అననే లేదు. రెండు నెలలు బ్రేకులతో కొట్టించుకున్నది అనని మాటకు!

పైవాళ్ళతో వచ్చే చిక్కులకు గోంగూర పచ్చడి పనిచేయదు. సెలవు అడిగితే ఇవ్వకపోవటం, వరసగా ఒకే బరువైన డ్యూటీ వేయటం, నలుగురి ముందు మాట తూలటం వంటివి ఏ ఆఫీసులోనైనా ఉంటాయి. వీటికి పాతవాళ్ళు చెప్పే పద్ధతి: అడగవలసింది కాగితం మీద రాసి తేదీ వేసి ఇవ్వటం, నకలు దగ్గర ఉంచుకోవటం, కోపంగా ఉన్న రోజున వెళ్ళకపోవటం, వెళితే ఒంటరిగా కాక యూనియను మనిషిని వెంట తీసుకుపోవటం. నోటితో అడిగింది గాలికి పోతుంది, కాగితానికి జవాబు ఇవ్వక తప్పదని వారి అనుభవం.

మిల్లులో మాట, ఇంట్లో కేక

ఇవన్నీ వింటుంటే నాకు నా సంగతి గుర్తుకొచ్చింది. ఇంటరు పాసైన తర్వాత, ఈ విలేకరి పని పట్టకముందు, రెండేళ్ళు ఒక పత్తిమిల్లులో గుమస్తాగా చేశాను. ఊరూ పేరూ ఎందుకులెండి. కాటా చీటీలో ఒక్క అంకె తేడా వచ్చినా అక్కడి మేనేజరు హమాలీల ముందు, రైతుల ముందు నన్ను నిలబెట్టి కడిగేవాడు. నేను ఒక్క మాట అనేవాణ్ణి కాదు. అనలేక కాదు, అంటే ఉద్యోగం పోతుంది. ఇంటికి వచ్చి కూరలో ఉప్పు ఎక్కువైందని అమ్మ మీద కేకలు వేసేవాణ్ణి. ఒకరోజు అమ్మ కంచం పక్కన కూర్చుని, "ఇవాళ మిల్లులో ఎవరేమన్నార్రా అబ్బాయా?" అని అడిగింది. కూరలో ఉప్పు సరిగ్గానే ఉంది.

కండక్టర్ల ఇళ్ళలో కూడా ఇదే కథ. "ఆయన చెప్పులు విడిచే తీరును బట్టి ఆ రోజు కలెక్షను ఎట్టా ఉందో, ఎవరితో గొడవైందో చెప్పగలను" అన్నది ఒక కండక్టరుగారి భార్య. పిల్లలు ఆ చప్పుడు విని పుస్తకాలు తీస్తారట. నిద్ర పట్టకపోవటం, మెడ పట్టేయటం, బీపీ, కడుపులో మంట, వీటి గురించి అడగకముందే చాలామంది చెప్పారు. నీళ్ళు తాగితే మూత్రానికి దిగాలి, దిగే టైము ఉండదు కనుక నీళ్ళే మానేస్తామన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఎండాకాలంలో రెంటచింతల పేరు రాష్ట్రమంతా పేపర్లలో చదువుతారు. ఆ ఎండలో ఇనప బండిలో పగలంతా నీళ్ళు లేకుండా నిలబడితే ఏ మనిషికైనా చిరాకు రాకుండా ఎలా ఉంటుంది?

ఓర్చుకోవటం కూడా ఒక కష్టమైన పనేనని అమెరికాలో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే ఆవిడ 1983లో పుస్తకం రాసింది. విమానాల్లో ప్రయాణీకులకు కావలసినవి అందించే ఆడపిల్లలను ఆవిడ దగ్గరుండి గమనించింది. మనసులో ఏమున్నా ముఖాన నవ్వు చెదరకూడదనేది వాళ్ళ డ్యూటీ. మోయటానికి, నడవటానికి అయ్యే శ్రమ లాగానే ఈ నవ్వుకు కూడా శ్రమ అవుతుందని, దాన్ని ఎవరూ లెక్కలో వేయరని ఆవిడ చెప్పింది. విమానంలో నవ్వే పిల్లకూ, మన పల్లెవెలుగులో పళ్ళు బిగబట్టే మనిషికీ ఈ విషయంలో తేడా లేదు.

లోపల పెట్టుకున్నది ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. టీ కొట్టు దగ్గర తోటివాళ్ళతో తిట్టినవాడిని అనుకరించి నవ్వుకుంటే సగం దిగిపోతుందని చాలామంది అన్నారు. అది చాలని రోజులుంటాయి. నిద్ర, తిండి పాడై, బతుకు మీద విసుగు పుట్టేదాకా వస్తే 14416 అనే నంబరుకు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ టెలీ మానస్ సేవలో రాత్రీ పగలూ మాట్లాడతారు, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడవచ్చు. బస్సువాళ్ళకే కాదు, మిల్లువాళ్ళకు, కూలీలకు, రైతులకు, ఎవరికైనా.

ఓర్పుకు హద్దు

కొన్నిటిని ఓర్చుకోమనటం అన్యాయం. ఒక మహిళా కండక్టరు చెప్పిన మాటలు ఇవి: "టిక్కెట్టు తీసుకునేటప్పుడు కావాలని వేళ్ళు తగిలిస్తారు. రద్దీ వంకతో ఒరుగుతారు. మొదట్లో ఏడుపు వచ్చేది. ఇప్పుడు టిక్కెట్టు చివర పట్టుకుని ఇస్తాను. ఎవడన్నా హద్దు దాటితే నలుగురికీ వినబడేటట్టు 'అన్నయ్యా, కాస్త దూరంగా నిలబడు' అంటాను." అన్నయ్య అన్న పిలుపుకు కొందరు తగ్గుతారట. తగ్గనివాళ్ళుంటే బస్సు స్టేషను ముందు ఆపించటమే.

పనిచేసే చోట ఆడవాళ్ళను వేధించటాన్ని అరికట్టే చట్టం 2013లో వచ్చింది. దాని వెనుక పెద్ద కథ ఉంది. 1992లో రాజస్థానులో భన్వరీ దేవి అనే గ్రామ కార్యకర్త బాల్యవివాహం ఆపబోయినందుకు ఆమెపై అత్యాచారం చేశారు. ఆ తర్వాత మహిళా సంఘాలు వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు నియమాలు పెట్టింది. దాన్ని విశాఖ కేసు అంటారు. ఈ విశాఖ మన విశాఖపట్నం కాదు, అక్కడి ఒక సంస్థ పేరు. చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువమంది ఉన్నచోట, లేదా వేధించింది యజమానే అయినప్పుడు, జిల్లా స్థాయి కమిటీకి రాసుకోవచ్చు. జరిగిన మూడు నెలల లోపల రాయాలి. మిరపకోతలో మేస్త్రీ చేతిలో, జిన్నింగు మిల్లులో గుమస్తా చేతిలో ఇబ్బంది పడే ఆడవాళ్ళకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది. ఆ సంగతి నేను అడిగిన కూలీలలో ఒక్కరికీ తెలియదు.

చేయి చేసుకోవటం సంగతి. ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులు. డ్యూటీలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిని అడ్డుకోవటానికి దౌర్జన్యం చేస్తే భారతీయ న్యాయ సంహిత 132 సెక్షను కింద రెండేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. గాయం చేస్తే 121 కింద అయిదేళ్ళ దాకా. ఈ చట్టం 2024 జూలై 1 నుంచి అమలులో ఉంది. ఒక చెంపదెబ్బకు ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుందని బస్సులో చొక్కా చేతులు మడిచే కుర్రాళ్ళకు తెలిస్తే బాగుండును. అయితే కేసు పెట్టిన కండక్టరు కూడా డ్యూటీ మానుకుని సాక్ష్యానికి తిరగాలి. అందుకే చాలామంది "పోనీలెమ్మని" వదిలేస్తున్నారు. వదిలేసిన ప్రతిసారీ ఎదుటివాడికి ధైర్యం పెరుగుతుందని నేననుకుంటాను. ఈ మాట అన్నప్పుడు నలుగురు కండక్టర్లలో ముగ్గురు తల అడ్డంగా ఊపారు. కోర్టుకు తిరిగేది వాళ్ళు, నేను కాదు.

సిబ్బందికి ఓర్పు గురించి చెప్పే పోస్టర్లు డిపో గోడల మీద ఎన్ని అంటించినా, రద్దీ వేళ ఒక బస్సు అదనంగా వేయటంతో సమానం కాదు. కోటప్పకొండ తిరునాళ్ళకు లక్షల జనం వస్తారు. అక్కడ బస్సు ఎక్కకముందే కింద టిక్కెట్లు ఇస్తారు, బండి వెనుక బండి వేస్తారు. అంత జనంలో కూడా ఆ రెండు రోజులు టిక్కెట్టు దగ్గర తగవులు మామూలు రోజులకంటే తక్కువేనని అక్కడ డ్యూటీ చేసినవాళ్ళు చెప్పారు. ఆ రెండు రోజులకు ప్రయాణీకుల స్వభావాలు మారిపోతాయా?

నైట్‌హాల్టు ఊళ్ళో

మన ఊళ్ళల్లో రాత్రి ఆగే బస్సులు ఇంకా కొన్ని ఉన్నాయి. అటువంటి ఒక బస్సులో దుర్గి వైపు వెళ్ళాను. రాత్రి తొమ్మిదిన్నరకు రామాలయం ముందు బండి ఆగింది. డ్రైవరు, కండక్టరు ఇద్దరూ పంపు దగ్గర ముఖం కడుక్కున్నారు. పక్క ఇంటి మామ్మ గిన్నెడు మజ్జిగ, నంచుకోవటానికి రెండు ఊరమిరపకాయలు తెచ్చి బస్సు మెట్టు మీద పెట్టింది. "ఇవాళ ఆలస్యమైందేం నాయనా?" అని అడిగింది. "పిడుగురాళ్ళలో లారీ అడ్డం పడింది మామ్మా" అన్నాడు కండక్టరు. ఆ రోజు మొత్తంలో ఆలస్యం ఎందుకైందని తిట్టకుండా అడిగిన మనిషి ఆమె ఒక్కతే అని ఆయన నాతో తర్వాత అన్నారు.

బస్సులో చిన్న లైటు వేసుకుని ఆయన ఆ రోజు డబ్బు లెక్కపెట్టుకున్నారు. పదులు ఒకవైపు, ఇరవైలు ఒకవైపు, నాణేలు చేతిగుడ్డలో. మిషను చూపిన మొత్తానికి ముప్పై అయిదు రూపాయలు తక్కువ వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టారు. అంతే. ఎవరికి ఎక్కువ ఇచ్చారో గుర్తు రాలేదు. "గురజాలలో ఆ గొడవప్పుడే అయి ఉంటది" అని తన జేబులోంచి తీసి సంచిలో వేసి, తాడు ముడి వేసి, దాన్నే తల కింద పెట్టుకుని వెనక సీట్లో పడుకున్నారు. తెల్లవారుజామున అయిదింటికి మొదటి ట్రిప్పు.